చలిజ్వరమంతా మలేరియా కాదు

ఆమె వయస్సు ముప్పయి అయిదు. అనకాపల్లికి దగ్గర్లోని ఒక పల్లెటూరు. మాఘమాసం వచ్చిందంటే ఆమెకి క్షణం తీరిక వుండదు. చెరుకు గానుగ దగ్గర పని. తెల్లవారుజామున వెళితే మళ్ళీ చీకటిపడ్డాకే యింటికి రావటం. బెల్లం పెనం కింద పొయ్యిలోకి ఎండిన చెరుకు పిప్పి ఎగదోస్తూ వుండాలి. ఎదురుగా మంట, ఒళ్ళంతా చెమట.

వారం రోజుల క్రితం ఆమెకి మూత్రంలో మంట మొదలయింది. పదే పదే వెళ్ళాలనిపించటం, వెళితే నాలుగు చుక్కలు రావటం. "వేడి చేసిందే, బార్లీ కాచుకు తాగు" అంది ఆడపడుచు. బార్లీ తాగింది. సబ్జా గింజలు నానబెట్టుకు తాగింది. తగ్గలేదు. మందుల షాపులో అడిగితే నాలుగు మాత్రలు యిచ్చారు. రెండు మింగేసరికి మంట కాస్త తగ్గినట్టనిపించింది. మిగతా రెండూ గూట్లో పెట్టేసింది.

అయిదో రోజున ఒక్కసారిగా చలి. రెండు దుప్పట్లు కప్పినా ఆగని వణుకు. ఆ తర్వాత పెనంలా కాలిపోయే జ్వరం. వూళ్ళోని వైద్యుడు చూసి, "మలేరియా తిరుగుతోంది, అదే అయివుంటుంది" అని రక్తపరీక్ష లేకుండానే మలేరియా మాత్రలు యిచ్చాడు. నడుంనొప్పి అంటే నొప్పికి ఒక ఇంజెక్షన్ పొడిచాడు. మూడోరోజుకి మంచినీళ్ళు తాగినా వాంతి అయిపోతోంది. అప్పుడు భర్త ఆటోలో అనకాపల్లి తీసుకొచ్చాడు.

"జ్వరం ఎన్నాళ్ళ నుంచమ్మా?" అడిగాడు డాక్టరు.

"మూడ్రోజులయింది బాబూ. ఒణికించేస్తంది. నడుం ఇటేపు లాగేస్తంది" అంది, కుడిపక్క చెయ్యి వేసి చూపిస్తూ.

"మూత్రానికి వెళ్ళేటప్పుడు మంట వుందా?"

ఆమె మాట్లాడలేదు. భర్త వైపు చూసింది. డాక్టరు అతన్ని కాసేపు బయట కూర్చోమన్నాడు.

"వారం కితం బాగా మండీది బాబూ. అలాటివి ఎవరితో చెప్పుకుంటాం?" అంది అప్పుడు.

డాక్టరు ఆమెని కూర్చోబెట్టి వీపు వెనక, చివరి పక్కటెముక వెన్నెముకని కలిసే మూల దగ్గర అరచెయ్యి ఆనించి, దానిపైన పిడికిలితో నెమ్మదిగా తట్టాడు. ఎడమవైపు ఏమీ అనలేదు. కుడివైపు తట్టగానే "అమ్మో!" అని ఒళ్ళు ముడుచుకుంది.

అది మలేరియా కాదు. కుడి మూత్రపిండానికి చీము పట్టించే ఇన్ఫెక్షన్. వైద్యశాస్త్రంలో దీన్ని 'పైలోనెఫ్రైటిస్' అంటారు. వేళకి గుర్తిస్తే రెండు మూడు రోజుల్లో జ్వరం దిగి, ఒకటి రెండు వారాల్లో పూర్తిగా నయమయ్యే జబ్బు. నిర్లక్ష్యం చేస్తే రక్తంలోకి విషం ఎక్కి ప్రాణం తీయగలిగిన జబ్బు కూడా యిదే.

ఎలా వస్తుంది?

మన వీపు వెనక, వెన్నెముకకి చెరోవైపు ఒక్కో మూత్రపిండం వుంటుంది. ఒక్కొక్కటి సుమారు 150 గ్రాములు. రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని రక్తం నుంచి వడగట్టి, అందులో కావలసినదంతా తిరిగి రక్తంలోకి పంపేసి, ఒకటిన్నర లీటర్ల దాకా మూత్రంగా బయటికి వదులుతాయి. ఆ మూత్రం రెండు సన్నని నాళాల ద్వారా కిందికి దిగి మూత్రాశయంలో నిలుస్తుంది.

మూత్రం పై నుంచి కిందికి వస్తుంది. ఇన్ఫెక్షన్ మాత్రం చాలామందిలో కింది నుంచి పైకి ఎక్కుతుంది. మన పేగుల్లో వుండే 'ఈ.కొలై' అనే సూక్ష్మక్రిమి దీనికి ముఖ్యకారణం. 1885లో జర్మన్ వైద్యుడు థియోడార్ ఎషెరిచ్ దీన్ని వర్ణించాడు. పేగుల్లో వున్నంతకాలం ఈ క్రిమి వల్ల సాధారణంగా బాధ వుండదు. మలద్వారం దగ్గర నుంచి మూత్రద్వారంలోకి చేరిందంటేనే చిక్కు. దీని ఒంటిమీద సన్నని నూగులాంటివి వుంటాయి. వాటితో మూత్రాశయం గోడని పట్టుకుని, మూత్రం ఎంత వేగంగా పోయినా కొట్టుకుపోకుండా నిలబడుతుంది. అక్కడి నుంచి నాళాల వెంట మూత్రపిండంలోకి పాకుతుంది.

స్త్రీలలో ఈ జబ్బు ఎక్కువ. వాళ్ళలో మూత్రద్వార నాళం పొడవు 4 సెంటీమీటర్లే. మగవాళ్ళలో సుమారు 20 సెంటీమీటర్లు. క్రిములకి స్త్రీలలో దారి దగ్గర, అంతే. స్త్రీ శుభ్రంగా వుండదనో, తప్పు చేసిందనో దీనర్థం కాదు. ఈ విషయం భర్తలూ, అత్తగార్లూ కూడా తెలుసుకోవాలి.

గర్భిణీలు, షుగర్ జబ్బువాళ్ళు, మూత్రంలో రాళ్ళున్నవాళ్ళు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన పెద్దవయసు మగవాళ్ళు, మూత్రం కోసం గొట్టం పెట్టివున్న రోగులు ఎక్కువ జాగ్రత్తగా వుండాలి. మూత్రం ఎక్కడ నిలిచిపోతే అక్కడ క్రిములు పెరుగుతాయి.

మలేరియాకీ దీనికీ తేడా ఏమిటి?

విశాఖ, అనకాపల్లి ప్రాంతాల్లో ఏజెన్సీ దగ్గర కాబట్టి చలిజ్వరం అనగానే మలేరియా గుర్తుకు రావటం సహజమే. అలా అనుమానించటం తప్పు కాదు. అనుమానించి పరీక్ష చేయించకపోవటమే తప్పు. వేలి మీద ఒక రక్తపు చుక్కతో మలేరియా వుందో లేదో నిమిషాల్లో తేలిపోతుంది. పల్లెల్లో ఆశా కార్యకర్తలు కూడా ఈ పరీక్ష చేస్తారు. మలేరియా లేదని తేలితే, 'మరి జ్వరం ఎందుకు వచ్చింది?' అని అడగండి.

మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ సోకితే 100.4 డిగ్రీలు దాటిన జ్వరం, వణుకు, వీపు వెనక ఒక పక్కన నొప్పి, వికారం, వాంతులు వుంటాయి. చాలామందిలో అంతకుముందే మూత్రంలో మంట, ఆతురత, దుర్వాసన, మూత్రం మడ్డిగా రావటం వుంటాయి. అయితే మంట లేనంత మాత్రాన ఈ జబ్బు లేదనుకోకూడదు.

బరువులెత్తి నడుం పట్టేసినప్పుడు వంగితే, తిరిగితే నొప్పి ఎక్కువవుతుంది కానీ జ్వరం రాదు. మూత్రంలో రాయి వున్నప్పుడు నొప్పి తెరలు తెరలుగా వచ్చి గజ్జల్లోకి పాకుతుంది. రాయి నొప్పితో పాటు చలిజ్వరం కూడా వుంటే ఒక్క గంట కూడా ఆలస్యం చెయ్యకండి. రాయి దారికి అడ్డుపడి, వెనక చీము నిలిచిపోయిందేమో! అప్పుడు మందులొక్కటే చాలవు. అడ్డు తప్పించి చీము బయటికి వచ్చే దారి చెయ్యాలి.

పసిపిల్లలు నొప్పి చెప్పుకోలేరు. కారణం తెలియని జ్వరం, వాంతులు, పాలు తాగకపోవటం మాత్రమే కనిపిస్తాయి. ముసలివాళ్ళలో జ్వరం కూడా అంతగా వుండకపోవచ్చు. నిన్నటిదాకా బాగా మాట్లాడిన తాతగారు ఈ రోజు పొంతన లేకుండా మాట్లాడుతుంటే, మతిపోయిందనుకోకుండా మూత్రపరీక్ష కూడా చేయించండి.

"ఇది ఉద్దానం జబ్బేనా?"

'కిడ్నీ' అనే మాట వినగానే ఆమె భర్తకి కాళ్ళు వణికాయి. "ఉద్దానం జబ్బా బాబూ? ఇంక రక్తం మార్పించుకుంటూ వుండాలా?" అన్నాడు. ఉత్తరాంధ్రలో ఈ భయం లేని యిల్లు లేదు.

ఈ రెండూ వేరు వేరు జబ్బులు. శ్రీకాకుళం జిల్లాలోని కవిటి, సోంపేట, పలాస, ఇచ్ఛాపురం వైపు కనిపించేది దీర్ఘకాలిక మూత్రపిండ వ్యాధి. అందులో చలిజ్వరం వుండదు, మంట వుండదు. ఏళ్ళ తరబడి చప్పుడు లేకుండా రెండు మూత్రపిండాలూ కుంచించుకుపోతాయి. దానికి అసలు కారణం యిదీ అని శాస్త్రజ్ఞులు యింకా ఒక నిర్ణయానికి రాలేదు. ఆ రోగుల కోసం పలాసలో 2023 డిసెంబరులో పరిశోధన కేంద్రంతో సహా ప్రత్యేక ఆస్పత్రి ప్రారంభమయింది.

ఇన్ఫెక్షన్ అలా కాదు. కారణం తెలుసు, మందు వుంది, చాలామందిలో మూత్రపిండం మళ్ళీ మామూలుగా పనిచేస్తుంది. భయపడి చికిత్స మానుకోనక్కర్లేదు. అలాగని తగ్గిపోతుందిలే అని వూరుకోనూ కూడదు.

ముందు మూత్రపరీక్ష, తర్వాతే మాత్ర

ఈ వ్యాసంలో మీరు గుర్తుపెట్టుకోవలసిన మాట ఒక్కటి వుంటే అది యిదే: యాంటీబయోటిక్ మొదటి మోతాదు పడకముందే కల్చర్ పరీక్షకి మూత్రం యివ్వండి.

మామూలు మూత్రపరీక్షలో చీముకణాలు ఎన్ని వున్నాయో తెలుస్తుంది. ఇన్ఫెక్షన్ వుందనేందుకు అది ఆధారం. కానీ ఏ క్రిమి వుంది, ఏ మందుకి లొంగుతుంది అనే సంగతి కల్చర్ పరీక్షే చెబుతుంది. లేబరేటరీలో మూత్రాన్ని పోషకాహారం మీద వేసి క్రిముల్ని పెంచుతారు. వాటిపైన రకరకాల మందులు ప్రయోగించి చూస్తారు. రిపోర్టు రావటానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఒక మిల్లీలీటరు మూత్రంలో లక్ష క్రిములు మించి వుంటే ఇన్ఫెక్షన్ కింద లెక్క అని 1950లలో అమెరికా వైద్యుడు ఎడ్వర్డ్ కాస్ సూచించాడు. రోగికి లక్షణాలు వున్నప్పుడు అంతకంటే తక్కువ వున్నా డాక్టర్లు పట్టించుకుంటారు.

ముందే రెండు మాత్రలు మింగి వస్తే ఏమవుతుంది? క్రిములు చావవు, కానీ పరీక్షలో పెరగవు. రిపోర్టులో 'ఏమీ లేదు' అని వస్తుంది. లోపల జబ్బు వుంటుంది, కాగితం మీద వుండదు!

మూత్రం పట్టే పద్ధతి కూడా తెలుసుకోండి. లేబరేటరీవాళ్ళు యిచ్చిన శుభ్రమైన డబ్బానే వాడండి. యింట్లో కడిగిన సీసా పనికిరాదు. మూత్రద్వారం మంచినీళ్ళతో కడుక్కుని, మొదట వచ్చే మూత్రం వదిలేసి, మధ్యలోది పట్టండి. డబ్బా లోపల వేలు తగలనివ్వకండి. రెండు గంటల లోపల లేబరేటరీకి చేర్చండి.

అలాగని కల్చర్ రిపోర్టు వచ్చేదాకా మందు మొదలుపెట్టకుండా వుండరు. మూత్రం తీసుకున్న వెంటనే డాక్టరు అనుభవాన్ని బట్టి ఒక మందు ప్రారంభించి, రిపోర్టు వచ్చాక అవసరమైతే మారుస్తాడు. దీంతోపాటు రక్తంలో షుగర్, క్రియాటినిన్, తెల్లకణాల పరీక్షలు చేయిస్తాడు. రాళ్ళున్నాయని అనుమానం వున్నా, షుగర్ వున్నా, మందు వేసిన రెండు మూడు రోజులకి కూడా జ్వరం దిగకపోయినా అల్ట్రాసౌండ్ స్కానింగ్ అవసరమవుతుంది.

చికిత్స

వాంతులు లేకుండా, మిగతా ఆరోగ్యం బాగుంటే యింటి దగ్గరే మాత్రలతో తగ్గించవచ్చు. వాంతులవుతున్నా, రక్తపు పోటు పడిపోయినా, మూత్రం తగ్గిపోయినా, గర్భిణీ అయినా, షుగర్ అదుపులో లేకపోయినా ఆస్పత్రిలో చేరి సెలైను, ఇంజెక్షన్లు తీసుకోవాలి. అనకాపల్లిలో ఎన్.టి.ఆర్. ప్రభుత్వాస్పత్రి వుంది. విశాఖలో 1923 నుంచి సేవ చేస్తున్న కింగ్ జార్జి ఆస్పత్రి వుంది. రోగి మగతగా వున్నా, ఒళ్ళు చల్లబడుతున్నా 108కి ఫోను చెయ్యండి.

మూత్రాశయం ఇన్ఫెక్షన్‌కీ మూత్రపిండం ఇన్ఫెక్షన్‌కీ మందు ఒకటే అనుకోకండి. ఉదాహరణకి నైట్రోఫ్యురాంటాయిన్ అనే మాత్ర మూత్రాశయానికి చక్కగా పనిచేస్తుంది. కానీ మూత్రపిండం కండలోకి చాలినంతగా చేరదు. పక్కింటావిడకి మంట తగ్గించిన మాత్ర మీ చలిజ్వరానికి పనిచెయ్యకపోవటానికి అదొక కారణం.

నొప్పికి డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ లాంటి మందులు మీ అంతట మీరు వేసుకోకండి. వాంతులతో, జ్వరంతో నీరు తగ్గిపోయిన శరీరంలో అవి మూత్రపిండానికి మరింత దెబ్బ. జ్వరానికీ, నొప్పికీ తగిన మోతాదులో పారాసెటమాల్ మేలు.

మందు ఎన్నాళ్ళు వాడాలి? మందుని బట్టి, రోగిని బట్టి ఏడు నుంచి పద్నాలుగు రోజులు. జ్వరం రెండు మూడు రోజుల్లోనే దిగిపోతుంది. ఇక్కడే చాలామంది పొరపాటు చేస్తారు. జ్వరం దిగటం సగం దారి మాత్రమే. అక్కడ ఆపేస్తే మిగిలిపోయిన మొండి క్రిములు మళ్ళీ పెరుగుతాయి.

మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే పరిశోధనశాలని నడిపిస్తున్న రోజుల్లో, 1948లో అక్కడి నుంచి ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొట్టమొదటి మందు. ఎన్నో రకాల క్రిముల్ని చంపే మందు వచ్చిందని ఆ రోజుల్లో లోకం సంతోషించింది. ఈ రోజున అనేక యాంటీబయోటిక్స్‌కి ఈ.కొలై లొంగటం లేదు. అవసరం లేకుండా వాడి, సగంలో ఆపి, ఆ క్రిములు మందుల్ని తట్టుకోవటం నేర్చుకునేలా చేసింది మనమే.

గర్భిణీలకి ఒక హెచ్చరిక

గర్భంతో వున్నప్పుడు ఏ బాధా లేకుండానే మూత్రంలో క్రిములు చేరవచ్చు. పట్టించుకోకపోతే వాళ్ళలో కొందరికి తర్వాత మూత్రపిండానికి ఇన్ఫెక్షన్ పాకుతుంది. నెలలు నిండకుండా కాన్పు అయ్యే ప్రమాదం కూడా వుంది. అందుకనే మొదటి నెలల్లోనే మూత్రం కల్చర్ పరీక్ష చేయించుకోవటం మంచిది. "బాధేమీ లేదుగా, పరీక్ష ఎందుకు?" అనకండి. గర్భిణీకి పనికిరాని మందులు కొన్ని వున్నాయి కనుక షాపులో అడిగి ఏదీ వాడకండి.

రాకుండా ఏం చెయ్యాలి?

నీళ్ళు తాగండి. మూత్రాశయం ఇన్ఫెక్షన్ మాటిమాటికీ వచ్చే 140 మంది స్త్రీల మీద జరిపిన పరిశోధన ఒకటి 2018లో వెలువడింది. వాళ్ళలో సగం మంది మామూలుగా తాగేదానికి మరో ఒకటిన్నర లీటర్ల నీళ్ళు రోజూ కలిపి తాగారు. ఏడాదిలో మిగతావాళ్ళకి సగటున మూడుసార్లకి పైగా ఇన్ఫెక్షన్ వస్తే, వీళ్ళకి రెండుసార్ల లోపే వచ్చింది. బార్లీ, మజ్జిగ, కొబ్బరినీళ్ళు కూడా తాగవచ్చు. నీరు లోపలికి పోవటం మంచిదే. కానీ మూత్రపిండంలో చేరిన క్రిమిని బార్లీ చంపలేదు. గుండెజబ్బు, మూత్రపిండాల జబ్బు వున్నవాళ్ళు ఎంత తాగాలో డాక్టర్ని అడగండి.

మూత్రం వస్తున్నప్పుడు ఆపుకోకండి. మలవిసర్జన తర్వాత ముందు నుంచి వెనక్కి కడుక్కోండి. ఆడపిల్లలకి ఇది చిన్నప్పుడే నేర్పండి. భార్యాభర్తల కలయిక తర్వాత స్త్రీ మూత్రవిసర్జన చేసిరావటం మంచిది. షుగర్ అదుపులో వుంచుకోండి.

తడిక

గానుగ దగ్గర పనిచేసే ఆ యువతికి కల్చర్ రిపోర్టు మూడోరోజున వచ్చింది. ఈ.కొలై. షాపులో కొన్న మాత్రకి అది లొంగదని తేలింది. ఆమెకి షుగర్ వుందని కూడా అప్పుడే మొదటిసారి తెలిసింది. ఇంజెక్షన్లతో జ్వరం దిగింది. ఇంటికి వెళ్ళేముందు డాక్టరు అడిగాడు:

"అంత మంట దగ్గర పనిచేస్తూ నీళ్ళెందుకు తాగవమ్మా?"

"తాగితే వెళ్ళాల గదా బాబూ. గానుగ కాడ అందరూ మొగోళ్ళే. ఎక్కడికెల్తాం? అందుకే పొద్దుగూకేదాకా తాగను."

ఇన్ఫెక్షన్‌కి దారి యిక్కడ పడింది. డాక్టరు ఆమె భర్తని పిలిచాడు.

"మందు నేను రాశాను. పది రోజులూ మానకుండా వేయించు. తడిక మాత్రం నువ్వే కట్టాలి. గానుగ వెనక నాలుగు వాసాలు పాతి, తాటాకు తడిక కట్టి, ఒక బిందెడు నీళ్ళు పెట్టు. అది కట్టకపోతే వచ్చే మాఘమాసంలో మళ్ళీ నా దగ్గరకే వస్తారు."

పాఠకులారా! మీ యింట్లో, మీ పొలంలో, మీ కొట్లో ఆడవాళ్ళు పనిచేస్తున్నారా? వాళ్ళు పగలంతా నీళ్ళు తాగుతున్నారో లేదో ఒకసారి చూడండి. తాగటం లేదంటే, దాహం లేక కాదు. వెళ్ళటానికి చోటు లేక. ఆ చోటు చూపించండి. చలిజ్వరంతో పాటు పక్కనొప్పి వుంటే మూత్రపరీక్ష మాట మరిచిపోకండి.